తుపాకీకి కొత్త పార్టు బిగించే ముందు: అమెరికాలోని తెలుగువాళ్ళకు బహిరంగ లేఖ

అమెరికాలో ఉంటూ తుపాకీ కొన్న, కొందామనుకుంటున్న తెలుగువారికి,

నమస్కారం.

మీరు గన్ ఎందుకు కొన్నారని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఇంటి రక్షణ కోసం కొందరు కొన్నారు, రేంజ్‌లో గురిచూసి కాల్చే సరదాతో కొందరు, వేట కోసం కొందరు. నా దగ్గరా ఉంది. వారాంతాల్లో నేనూ రేంజ్‌కి వెళ్తుంటాను. గన్‌లు ఉండాలా వద్దా అనే చర్చ ఇంకెప్పుడైనా పెట్టుకుందాం. నా బెంగంతా కొన్న తరవాత జరిగే పని మీద.

సెమీ ఆటోమేటిక్ రైఫిల్ (ఒక్క నొక్కుకి ఒక్క తూటా పేల్చేది) ఇంటికొచ్చి నెల తిరక్కుండానే దానికి మార్పులు మొదలవుతాయి. ట్రిగ్గర్ గట్టిగా ఉందని మారుస్తారు. బ్యారెల్ పొడుగైందని పొట్టిది వెతుకుతారు. ఇంకొంచెం వేగంగా పేలితే బాగుండునని ఏదో బిగిస్తారు. మనలో చాలామంది విడిభాగాలు కొని సొంతంగా కంప్యూటర్ బిగించుకున్నవాళ్ళే కాబట్టి, ఇదీ అలాంటి పనే అనిపిస్తుంది. ఏఆర్-15 అనే సెమీ ఆటోమేటిక్ రైఫిల్ తయారైన తీరు కూడా ఆ భ్రమకి తగ్గట్టే ఉంటుంది. రెండు పిన్నులు తీస్తే రెండు ముక్కలవుతుంది, పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి, బిగించడం వీడియో చూసి నేర్చుకోవచ్చు. కానీ కంప్యూటర్‌కి పనికిరాని పార్టు వస్తే వాపసు పంపేస్తాం, కథ ముగుస్తుంది. ఇక్కడ కొన్ని పార్టులు మన చేతికి రావడమే నేరం. వాపసు పంపినా ఆ నేరం చెరగదు.

చట్టం దేన్ని మెషిన్ గన్ అంటుందో మనవాళ్ళకి సగమే తెలుసు. 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ ప్రకారం, ట్రిగ్గర్ ఒక్కసారి పనిచేస్తే చాలు ఒకటికి మించి తూటాలు దానంతటదే పేల్చే ఆయుధం మెషిన్ గన్. ఈ ముక్క అందరూ చెప్తారు. రెండో ముక్క ఎవరూ చెప్పరు. మామూలు గన్‌ని అలా మార్చడం కోసమే తయారుచేసిన పార్టు కూడా, గన్‌కి బిగించకపోయినా, చట్టం దృష్టిలో మెషిన్ గనే. పిస్టల్ వెనక తగిలించే బొటనవేలంత ‘స్విచ్’ ఉంది చూడండి, అది కవర్లో ఉన్నా, డ్రాయర్లో ఉన్నా, మీ ఇంట్లో దానికి సరిపడే పిస్టల్ లేకపోయినా, మెషిన్ గన్ దగ్గర పెట్టుకున్నట్టే లెక్క. సొంతంగా త్రీడీ ప్రింటర్ మీద అచ్చేసుకున్నా అంతే.

1986 మే 19 తరవాత తయారైన మెషిన్ గన్ మామూలు పౌరుడి దగ్గర ఉండటానికి వీల్లేదు. ఆ తేదీకి ముందు చట్టబద్ధంగా రిజిస్టరైనవి మాత్రమే చేతులు మారుతున్నాయి. అవీ తక్కువే కాబట్టి ధర పదుల వేల డాలర్లలో ఉంటుంది. అందుకని ఎవరైనా మీకు అదే పని చేసే ముక్క చవగ్గా దొరుకుతుందని చెప్తే, అది చట్టబద్ధమైనది అయ్యే అవకాశమే లేదు. శిక్ష పదేళ్ళ దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా. విదేశీ వెబ్‌సైట్లు వీటిని వేరే పేర్లు పెట్టి, బొమ్మ తుపాకీ సామాను అనో ఇంకేదో అనో రాసి అమ్ముతాయి. ఆర్డర్ చేసినవాడి పేరు, అడ్రసు, కార్డు నంబరు అన్నీ వాళ్ళ దగ్గర ఉంటాయి. పార్సెల్ కస్టమ్స్‌లో దొరికితే ఏటీఎఫ్ (తుపాకుల చట్టాలు అమలుచేసే ఫెడరల్ సంస్థ) వాళ్ళు ముందుగా వచ్చేది ఆ అడ్రసుకే. క్లీనింగ్ కిట్ పేరుతో వచ్చే, గన్ శుభ్రం చేసేటప్పుడు కారే ద్రవం పట్టడానికని చెప్పే ‘సాల్వెంట్ ట్రాప్’ గొట్టాల సంగతీ ఇంతే. వాటిలో చాలావాటిని ఏటీఎఫ్ సైలెన్సర్లుగానే చూస్తుంది.

“నాకు తెలియదు సార్” అంటే కుదురుతుందా? కొంతవరకు కుదురుతుంది. 1994లో స్టేపుల్స్ కేసులో సుప్రీంకోర్టు, తన గన్‌కి ఆటోమేటిక్‌గా పేలే గుణం ఉన్నదని నిందితుడికి తెలుసని ప్రభుత్వమే రుజువు చేయాలంది. అది మనకి ఊరటే. కానీ ఆ మాట అనిపించుకోవడానికి ఆయన కింది కోర్టులో శిక్ష పడి, అప్పీళ్ళన్నీ దాటి అక్కడిదాకా వెళ్ళాల్సొచ్చింది. పైగా తెలుసని రుజువు చేయడం ఎంత తేలికో ఇంకో కేసు చెప్తుంది. విస్కాన్సిన్‌లో ఒకాయన తన ఏఆర్-15ని తెలిసినవాడికి ఇచ్చాడు. రేంజ్‌లో అది ఒక్క నొక్కుకి వరసగా పేలి, జామ్ అయింది. ఆ చప్పుడు విని ఎవరో పోలీసులకి చెప్పారు. అది పాడైన గన్ అని ఆయన వాదన. కానీ గన్ పక్కనుండే మీటని ఫలానా చోట పెడితే మూడు పేలతాయని, ఆ తరవాత జామ్ అవుతుందని ఆయనే అంతకు ముందు చెప్పాడని, గన్ తీసుకున్నవాడు సాక్ష్యం ఇచ్చాడు. 2008లో ముప్ఫై నెలల జైలు పడింది. మరుసటి ఏడు అప్పీలు కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది.

ఇప్పుడు మన వాట్సాప్ స్టేటస్‌లు, రీల్స్ గుర్తు చేసుకోండి. “చూడరా మామా, ఎలా పేలుతుందో” అని నవ్వుతూ పెట్టిన పదిహేను సెకన్ల వీడియో చాలు, మీకు తెలుసని రుజువు చేయడానికి.

చట్టం నిలకడగా కూడా ఉండదు. 2017 అక్టోబరు నాటి లాస్ వేగస్ కాల్పుల తరవాత బంప్ స్టాక్‌ని (గన్ వెనక్కి తన్నే ఊపుతో ట్రిగ్గర్ వరసగా నొక్కుకునేలా చేసే పిడి) మెషిన్ గన్ కిందికి తెస్తూ ఏటీఎఫ్ నిబంధన పెట్టింది. 2019 మార్చి నుంచి అది ఇంట్లో ఉంటే ఫెడరల్ నేరమైంది. 2024 జూన్‌లో గార్లండ్ వర్సెస్ కార్గిల్ కేసులో సుప్రీంకోర్టు 6-3 తేడాతో, బంప్ స్టాక్ ఆ నిర్వచనంలోకి రాదని ఆ నిబంధన కొట్టేసింది. ఫోర్స్‌డ్ రీసెట్ ట్రిగ్గర్ల (ప్రతి తూటా తరవాత బలవంతంగా ముందుకొచ్చి, వేగంగా మళ్ళీ నొక్కనిచ్చేవి) మీద కూడా ఏటీఎఫ్ ఏళ్ళ తరబడి కోర్టుల్లో కొట్లాడి, చివరికి 2025 మేలో న్యాయశాఖ ఒక తయారీ కంపెనీతో రాజీ పడింది. ఇవి చదివి “ఇప్పుడు లీగలే కదా” అని మనవాళ్ళు ధీమాగా కొంటున్నారు. ఏ రాష్ట్రంలో లీగల్? కార్గిల్ తీర్పు ఫెడరల్ చట్టంలోని ఒక నిర్వచనం గురించి. న్యూజెర్సీ 2018లోనే సొంత చట్టంతో బంప్ స్టాక్‌లని నిషేధించింది. వేగంగా కాల్పించే ఇలాంటి పరికరాలకి కాలిఫోర్నియా శిక్షాస్మృతిలో విడిగా నిషేధం ఉంది. ఫెడరల్ ప్రభుత్వం రాజీ పడినంత మాత్రాన రాష్ట్రాలు దానికి కట్టుబడవు.

ఈ విషయం మిగతావాళ్ళకంటే మనకే ఎక్కువ తగులుతుంది. మనం ఉద్యోగం ఎక్కడ దొరికితే అక్కడికి సామాను సర్దేసే జనం. డాలస్‌లో ప్రాజెక్టు అయిపోతుంది, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఇంకోటి వస్తుంది, వారంలో ట్రక్కు మాట్లాడుకుని బయల్దేరతాం. టెక్సస్‌లో ముప్ఫై తూటాల మ్యాగజైన్ (గన్‌కి తూటాలందించే పెట్టె) మామూలు వస్తువు. న్యూజెర్సీలో, కాలిఫోర్నియాలో పదికి మించి పట్టే మ్యాగజైన్ ఉంటేనే నేరం. రైఫిల్‌కి ఏ పిడి ఉంది, గొట్టం చివర ఏం తగిలించారు అన్నదాన్ని బట్టి అది నిషేధించిన ‘అసాల్ట్ వెపన్’ అవుతుందా లేదా అని కొన్ని రాష్ట్రాలు తేలుస్తాయి. దారిలో ఉన్నంతసేపు ఫెడరల్ చట్టం కాపాడుతుందని కొందరంటారు. ఆ రక్షణ, బయల్దేరిన చోటా చేరే చోటా ఆ గన్ చట్టబద్ధమైతేనే వర్తిస్తుంది. అదీ ఖాళీ చేసి, చేతికి అందకుండా పెట్టినప్పుడు. కొత్త ఊళ్ళో అది నిషేధమైతే ఆ చట్టం మీకు పనికిరాదు.

పొట్టి బ్యారెల్ గురించి ఈమధ్య కొత్త అపోహ ఒకటి తిరుగుతోంది. రైఫిల్ బ్యారెల్ పదహారు అంగుళాలకి తగ్గితే అది ‘షార్ట్ బ్యారెల్డ్ రైఫిల్’. దాన్ని తయారుచేయాలంటే ముందుగా ఏటీఎఫ్‌కి దరఖాస్తు పెట్టి, వేలిముద్రలిచ్చి, అనుమతి వచ్చాకే చేయాలి. 1934 నుంచి దానికి 200 డాలర్ల పన్ను ఉండేది. 2025లో వచ్చిన చట్టం ఆ పన్నుని 2026 జనవరి 1 నుంచి సున్నా చేసింది. సైలెన్సర్లకి కూడా అంతే. పోయింది పన్ను ఒక్కటే. దరఖాస్తు ఉంది, రిజిస్ట్రేషన్ ఉంది, అనుమతి రాకముందే బిగిస్తే ఒకప్పటి నేరమే ఇప్పుడూ. రిజిస్టరైన పొట్టి రైఫిల్‌ని ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్ళాలన్నా ముందు ఏటీఎఫ్ అనుమతి కావాలి. ట్రక్కు మాట్లాడుకునేటప్పుడు ఈ సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఇంతవరకు చెప్పినవి అమెరికా పౌరుడికైనా వర్తిస్తాయి. వీసా మీద, గ్రీన్ కార్డ్ మీద ఉన్నవాళ్ళకి అసలు ప్రమాదం ఇక్కణ్ణుంచి.

హెచ్-1బి, ఎఫ్-1, ఎల్-1, హెచ్-4 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గాని తూటా గాని దగ్గర పెట్టుకోకూడదు. మార్పులు చేసినదే అక్కర్లేదు, మామూలు గన్ అయినా అంతే. మినహాయింపులు కొన్నే. మనలాంటివాళ్ళకి పనికొచ్చేది ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. శిక్ష 2022 నుంచి పదిహేనేళ్ళ దాకా. ముగ్గురు కుర్రాళ్ళు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటారు, ఒకడికి వేట లైసెన్సు ఉంది, గన్ కొన్నాడు, సేఫ్ తాళం ముగ్గురికీ తెలుసు. ఆ మిగతా ఇద్దరి పరిస్థితి ఏంటో ఎవరైనా ఆలోచించారా? దగ్గర ఉండటం అంటే జేబులో ఉండటమే కానక్కర్లేదు, అందుబాటులో ఉండి అదుపులో ఉన్నా చాలు. సిటిజెన్ అయిన బావగారు ఇండియా వెళ్తూ “ఓ నెల మీ ఇంట్లో ఉంచు” అని ఇచ్చిన పెట్టె కూడా ఇందులోకి వస్తుంది.

రేంజ్‌లో అద్దె గన్ కాల్చడం పర్వాలేదనుకుంటారు. ఫ్లోరిడాకి స్టూడెంట్ వీసా మీద వచ్చిన రెహాయిఫ్ అనే కుర్రాడిని యూనివర్సిటీ మార్కులు రాలేదని తీసేసింది, స్టేటస్ పోయింది. తరవాత ఒక షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి కాల్చాడు. కేసు పెట్టారు, శిక్ష పడింది. 2019లో సుప్రీంకోర్టు, తన స్టేటస్ పోయిందని అతనికి తెలుసో లేదో కూడా రుజువు చేయాలని చెప్పి ఆ తీర్పుని రద్దు చేసింది. అలా మంచి న్యాయసూత్రం ఒకటి పుట్టింది సరే, దానికోసం మన పిల్లలెవరూ సుప్రీంకోర్టు దాకా నడవాల్సిన పని లేదు.

అమ్మానాన్నలని లాస్ వేగస్ తీసుకెళ్ళి, మెషిన్ గన్ అద్దెకిచ్చే రేంజ్‌లో నాన్నగారి చేత కాల్పించి ఫోటో పెట్టడం ఇంకో సరదా. పక్కన యూరప్ టూరిస్టులు కాలుస్తున్నారు కదా, మనకేంటి అంటారు. వాళ్ళు వీసా లేకుండా రాగల దేశాలవాళ్ళు. ఆ నిషేధం ‘నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా’ మీద వచ్చినవాళ్ళకే అని చట్టంలో ఉంది కాబట్టి వాళ్ళు తప్పించుకుంటారు. మన పెద్దవాళ్ళు వచ్చేది బి-2 వీసా మీద.

ఇక గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళు. గన్ కొనడానికి మీకు హక్కుంది. కానీ గన్‌కి సంబంధించిన నేరంలో ఒక్క శిక్ష పడితే చాలు, ఎన్నేళ్ళ కిందట గ్రీన్ కార్డ్ వచ్చినా సరే, ఇమ్మిగ్రేషన్ చట్టం దేశం నుంచి పంపించేయొచ్చంటుంది. ఆ సెక్షన్‌లో తుపాకీతో పాటు ‘పార్టు’, ‘యాక్సెసరీ’ అన్న మాటలు కూడా ఉన్నాయి. మెషిన్ గన్ దగ్గర ఉంచుకోవడం, రిజిస్టర్ చేయని పొట్టి రైఫిలో సైలెన్సరో ఉంచుకోవడం అయితే మరీ ఘోరం. అవి ‘అగ్రవేటెడ్ ఫెలొనీ’ (ఇమ్మిగ్రేషన్ చట్టం అతి తీవ్రంగా చూసే నేరాలు) జాబితాలో ఉన్నాయి. ఆ జాబితాలో పడితే, పిల్లలు ఇక్కడ పుట్టారనో, ఇల్లు కొనుక్కున్నామనో, ఇరవై ఏళ్ళు ట్యాక్స్ కట్టామనో చెప్పి బహిష్కరణ రద్దు చేయమని అడిగే దారి కూడా మూసుకుపోతుంది. సిటిజెన్‌షిప్ ఆశ శాశ్వతంగా పోతుంది. అదే జాబితాలో ఎవరూ ఊహించనిది ఇంకోటుంది. దిగుమతి రైఫిళ్ళ విడిభాగాల లెక్క. ఏకే-47 తరహా రైఫిల్‌ని ఇక్కడ అసెంబుల్ చేస్తే, చట్టం చెప్పిన ఇరవై రకాల పార్టుల్లో పదికి మించి విదేశీవి ఉండకూడదు. నాణ్యత బాగుందని అమెరికన్ పార్టు తీసి విదేశీ పార్టు వేసుకుంటూ పోతే ఆ లెక్క ఎప్పుడు దాటిందో కూడా తెలియదు.

కేసు పడితే “ఒప్పేసుకో, ప్రొబేషన్‌తో పోతుంది” అని క్రిమినల్ లాయర్ చెప్పొచ్చు. పౌరుడికైతే అది మంచి సలహానే కావచ్చు. నేరం ఒప్పుకుని ప్రొబేషన్ తీసుకున్నా, ప్రొబేషన్ పూర్తయిందని రాష్ట్ర కోర్టు తరవాత కేసు కొట్టేసినా, ఇమ్మిగ్రేషన్ లెక్కలో అది శిక్ష పడినట్టే. 2010లో పడీలా కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి పర్యవసానం ఉందని క్లయింటుకి చెప్పాల్సిన బాధ్యత లాయర్‌దే అంది. కాబట్టి ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్ ఆ గదిలో ఉండాలని పట్టుబట్టండి. ఖర్చుకి వెనకాడకండి.

చట్టం సంగతి పక్కనపెట్టి గన్ సంగతికొద్దాం. నిజం చెప్పాలంటే రేంజ్‌లో నాకు టెన్షన్ పుట్టించేది పోలీసులు కాదు, పక్క లేన్‌లో ఇంట్లో బిగించిన ట్రిగ్గర్.

ఫ్యాక్టరీ ట్రిగ్గర్ గట్టిగా ఉందని తిట్టుకుంటాం. అది ఆ బిగువుతో ఉండటానికి కారణం ఉంది. లోపల హ్యామర్‌ని (తూటా పేలేలా కొట్టే ముక్క) పట్టి ఉంచే అంచులు ఎంత లోతుగా కలుసుకోవాలి, స్ప్రింగ్ ఎంత బలంగా ఉండాలి అన్నది చేయి జారి కింద పడ్డా, మురికి పట్టినా, ఏళ్ళు వాడినా నిలిచేలా లెక్కగడతారు. ఆ అంచులని ఆకురాయితో రుద్ది, స్ప్రింగ్ మెత్తది వేస్తే ట్రిగ్గర్ హాయిగా ఉంటుంది. పైన గట్టిదనం ఇచ్చిన పొర అరిగిపోయి, కొన్ని రౌండ్లయ్యాక హ్యామర్ నిలవకుండా జారడం మొదలెట్టొచ్చు. అప్పుడు రెండు జరగొచ్చు. తూటాని లోపలికి నెట్టి వెనక మూసే బోల్టు మూసుకోగానే, వేలు పెట్టకుండానే పేలొచ్చు. లేదా ఒక నొక్కుకి రెండో మూడో పేలొచ్చు. మొదటి తూటాకే గురి ఉంటుంది. రెండోది గన్ ఎగిరిన తరవాత ఎటు చూస్తుంటే అటు పోతుంది. ఆ తూటా పక్కవాడికి తగలకపోయినా, విస్కాన్సిన్ కేసు మొదలైంది సరిగ్గా ఇలాంటి చప్పుడుతోనే.

ఇంకో ప్రమాదం. 300 బ్లాకౌట్, 5.56 అని రెండు సైజుల తూటాలున్నాయి, రెండూ ఒకే మ్యాగజైన్‌లో పడతాయి, బోల్టు కూడా ఒకటే. బ్యారెల్ మారిస్తే చాలు రైఫిల్ మారిపోతుంది, అందుకే మార్పుల పిచ్చి ఉన్నవాళ్ళకి అది ఇష్టం. 300 బ్లాకౌట్ తూటా పొరపాటున 5.56 బ్యారెల్‌లో కూర్చుంటే, వెడల్పైన బుల్లెట్ సన్నటి గొట్టంలో దూరలేక ఒత్తిడంతా వెనక్కి తంతుంది. రిసీవర్ (గన్ మధ్య భాగం) పగిలి, మ్యాగజైన్ కిందికి పేలి, ముక్కలు చేతికీ ముఖానికీ తగులుతాయి. రెండు రకాలూ ఉన్న ఇంట్లో మ్యాగజైన్లకి రంగు టేపు చుట్టడం, రేంజ్‌కి ఒక్కసారి ఒక్క రకమే తీసుకెళ్ళడం తప్ప నాకు తెలిసిన మందు లేదు.

వేగం గురించి కూడా చెప్పాలి. పూర్తి ఆటోమేటిక్‌గా పేలే గన్ ఎంత తేలిగ్గా చేయిదాటుతుందో చూపే ఘటనలు రెండున్నాయి. 2008లో మసాచుసెట్స్‌లో ఒక గన్ ప్రదర్శనలో ఎనిమిదేళ్ళ బాబు ఊజీ అనే చిన్న మెషిన్ గన్ కాలుస్తుంటే అది పైకెగిరి, తూటా అతని తలకే తగిలి చనిపోయాడు. 2014లో ఆరిజోనాలో తొమ్మిదేళ్ళ పాప చేతిలోని ఊజీ అలాగే పైకి లేచి పక్కనే నిలబడ్డ శిక్షకుడి ప్రాణం తీసింది. రెండూ ఆటోమేటిక్‌గా పేలడానికే తయారైన గన్‌లు, పక్కన పెద్దవాళ్ళు ఉన్నారు. మరి ఇంట్లో తయారైన ముక్క తగిలించిన చిన్న పిస్టల్ ఒకటి రెండు సెకన్లలో మ్యాగజైన్ మొత్తం ఖాళీ చేస్తుంటే దాన్ని ఎవరు పట్టుకోగలరు? మామూలు రైఫిల్ బ్యారెల్ అంత వేడికి తట్టుకునేలా తయారు కాదు కూడా. కాలిపోతున్న బ్యారెల్ వెనక భాగంలో కూర్చున్న తూటా ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే సందర్భాలుంటాయి.

మార్పులన్నీ తప్పని నేననను. గురి చూడటానికి మంచి సైట్, భుజానికి సరిపడే స్టాక్ (వెనక పిడి), పేరున్న కంపెనీ పూర్తి సెట్‌గా అమ్మే ట్రిగ్గర్, ఇవి మీ రాష్ట్రం ఒప్పుకుంటే పెట్టుకోండి. ట్రిగ్గర్ పని మాత్రం గన్‌స్మిత్‌కి ఇవ్వండి. తిరిగొచ్చాక మొదటి పరీక్షకి మ్యాగజైన్‌లో రెండే తూటాలు పెట్టండి. ఒక నొక్కుకి రెండూ పేలాయా, ఆపేయండి. ఖాళీ చేసి, పెట్టెలో పెట్టి, నేరుగా బాగు చేయించండి. ఇంకోసారి కాల్చి చూడకండి, స్నేహితుడికి ఇవ్వకండి, వీడియో తీయకండి.

తెలుగు సంఘాల కార్యవర్గాలకి ఒక మాట. మీ వార్షిక సభల్లో ఇమ్మిగ్రేషన్ లాయర్ల సెషన్ ఎలాగూ ఉంటుంది. దాంట్లో ఓ అరగంట తుపాకులకి ఇవ్వండి, పక్కన ఒక సర్టిఫైడ్ శిక్షకుణ్ణి కూర్చోబెట్టండి. బ్యాచిలర్ పార్టీ పేరుతో కొత్తగా దిగిన విద్యార్థులని రేంజ్‌కి తీసుకెళ్ళే సీనియర్లు ముందు వాళ్ళ వీసా ఏంటో అడగండి.

ఇది చదువుతూ, ఫలానా ముక్క మన డ్రాయర్లో ఉందే అని గుర్తొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే: దాన్ని దేనికీ బిగించకండి, ఎవరికీ అమ్మకండి, పోస్టులో పంపకండి, ఎవరితోనూ మెసేజ్‌ల్లో చర్చించకండి. ఏటీఎఫ్‌కి మీరే ఫోన్ చేయకండి. గన్ కేసులు చూసే క్రిమినల్ లాయర్‌ని, మీరు సిటిజెన్ కాకపోతే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కూడా, రేపు ఆఫీసు తెరవగానే కలవండి. దాన్ని చట్టప్రకారం ఎలా అప్పగించాలో వాళ్ళు చెప్తారు.

ఇట్లు,
రేంజ్‌లో మీ పక్క లేన్‌లో నిలబడే ఒక తెలుగువాడు